కొడుక్కి ‘మద్దిలేటి’ అని పేరు పెట్టవచ్చునా? సీమ పేర్ల అర్థాలపై చర్చ

హంద్రీ గట్టు – కర్నూలు

సభ్యులందరికీ నమస్కారం. మాకు తొమ్మిది రోజుల కిందట మగబిడ్డ పుట్టాడు. హస్తా నక్షత్రం, మూడవ పాదం. ఇరవై ఒకటవ రోజున తొట్టెలలో వేసి, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయాలని అనుకున్నాము. రాయవలసిన ఆ పేరు దగ్గరే ఇంట్లో మూడు ముక్కలాట నడుస్తున్నది.

మా నాయనకు తన తండ్రి పేరు, అంటే మా జేజినాయన పేరు, నిలబడాలని పట్టుదల. ఆ పేరు మద్దిలేటి. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామికి మొక్కుకున్నాక పుట్టినవాడని ఆయనకు ఆ పేరు పెట్టారట. నా భార్యకు జేజినాయన మీద గౌరవం లేక కాదు గానీ, బడిలో ఆ పేరు పిలిచినప్పుడల్లా పిల్లవాడు తల దించుకోవలసి వస్తుందేమోనని ఆమె భయం. ఆమె ‘కియాన్’ అనే పేరు ఎంచుకుంది. సంస్కృతంలో దానికి దైవానుగ్రహం అని అర్థమని ఒక పేర్ల జాబితాలో చదివిందట. పురోహితుడేమో ‘ణ’ అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టమని చీటీ రాసిచ్చి వెళ్లిపోయాడు. ణ తో మొదలయ్యే మనిషిని నేను ఈ వయసు దాకా చూడలేదు.

జాబితాలన్నీ తిరగేశాను. వాటిలో మద్దిలేటి లేదు, ఓబులేసు లేదు, కుళ్లాయప్ప లేదు. మన ఊళ్లలో వీధికి ఇద్దరు ముగ్గురు ఉండే ఈ పేర్లకు అర్థమే లేదా, లేక ఎవరూ అడగలేదా? తెలిసినవారు చెప్పగలరు.


పాత తెలుగు పంతులు – నంద్యాల

నాయనా, ముందుగా బిడ్డకు ఆశీస్సులు. మీ మూడు ముక్కల్లో నాకు తెలిసినది ఒక్కటే కనుక దాని గురించే రాస్తాను.

మద్దిలేటి అనేది మనిషి పేరు కాకముందు దేవుడి పేరు, దేవుడి పేరు కాకముందు వాగు పేరు. మద్దిల ఏరు మద్దిలేరు అయింది. ఏరు అనే మాటలోది ఒకప్పుడు బండి ఱ; అందువల్ల దానికి విభక్తి చేరినప్పుడు ‘ఏటి’ అవుతుంది. పెన్నేరు పెన్నేటి అయినట్టే మద్దిలేరు మద్దిలేటి అయింది. ఆ వాగు పక్కన వెలసిన స్వామి మద్దిలేటి స్వామి. కొందరు మద్దులేటి అని రాసేది కూడా తప్పు కాదు, మద్దుల ఏరు అని విడదీసుకుంటే సరిపోతుంది. మద్దయ్య, మద్దమ్మ అనేవి ఆ స్వామి పేరుకే ముద్దు రూపాలు. కాబట్టి మీ జేజినాయన పేరుకు ‘మద్దిచెట్ల వాగు దగ్గరి స్వామి’ అని అచ్చమైన తెలుగు అర్థం ఉన్నది.

మన ప్రాంతపు పేర్లను గురించి తెలుసుకోవాలంటే నిఘంటువు కంటే ముందు జాతరల పట్టిక చూడాలి. అహోబిలం కింద ఎన్ని పేర్లు మొలిచాయో చూడండి. నరసింహుడి బలాన్ని చూసి దేవతలు ‘అహో బలం’ అన్నారని ఆ క్షేత్రానికి అహోబలమనే పేరు చెబుతారు. స్వామి వెలసిన గుహను బట్టి అహోబిలమని మరొక మాట. అహోబలం జనం నోట ఓబళమైంది, అహోబలేశుడు ఓబులేసు అయినాడు, అక్కడి నుండి ఓబయ్య, ఓబన్న, ఓబుళమ్మ, ఓబుల్ రెడ్డి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నిలిచిన వడ్డె ఓబన్న పేరులో ఉన్నదీ ఆ అహోబలమే. నాయకుడి పేరు నరసింహుడు, అనుచరుడి పేరు ఆ నరసింహుడి క్షేత్రం! 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరి తీసిన సంగతి చెప్పుకునేటప్పుడు ఈ పేర్ల జోడీని ఎవరూ గమనించరు.

యాగంటి ఉమామహేశ్వరుడి పేరున యాగంటయ్య, యాగంటమ్మ ఉన్నారు. మహానంది పేరున మహానందయ్య ఉన్నాడు. శ్రీశైల మల్లికార్జునుడు మల్లయ్య, మల్లన్న అయినాడు. సుంకులమ్మకు మొక్కుకున్న ఇంట సుంకన్న, మారెమ్మకు మొక్కుకున్న ఇంట మారెన్న, ఎల్లమ్మ కొలువున్న చోట ఎల్లప్ప పుడతారు. ఇక బనగానపల్లె దగ్గరి నందవరంలో చౌడేశ్వరీదేవి ఉన్నది. చౌడప్ప, చౌడమ్మ, చౌడయ్య అనే పేర్లు ఆమెవి. చాముండ అనే సంస్కృత శబ్దమే వాడుకలో అరిగి చౌడ అయింది. నందవరీక బ్రాహ్మణులకూ తొగట నేతవారికీ ఆమె కులదేవత. అంటే ఈ పేరు కులాల గడపలు దాటి తిరిగిందన్న మాట. ‘కుందవరపు కవిచౌడప్పా’ అనే శతక మకుటం తెలిసినవారికి ఈ పేరు నాటు పేరని అనిపించదు.

నాకొక తప్పు కూడా ఒప్పుకోవాలని ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బడి దాఖలా పుస్తకంలో పేర్లు రాసేటప్పుడు, తండ్రి ఈరన్న అని చెబితే నేను వీరన్న అని, ఎంకటేసు అంటే వెంకటేశ్వర్లు అని ‘సరిచేసి’ రాసేవాడిని. ఉరుకుంద క్షేత్రం గుర్తుగా పెట్టుకున్న ఒక పేరును కూడా అలాగే మార్చబోతే ఆ తండ్రి చేతులు కట్టుకొని, ‘అయ్యవారూ, అది మా దేవుడి పేరు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు’ అన్నాడు. అప్పటి నుండి మానుకున్నాను.


ఆదోని పత్తి – ఆదోని

పంతులు గారు చెప్పిన ఆ తండ్రి మా వైపువాడై ఉంటాడు. కౌతాళం మండలంలోని ఉరుకుంద నరసింహ ఈరన్న స్వామి పేరున మా దగ్గర ఉరుకుందు, ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ, ఈరన్న, ఈరమ్మ లెక్కకు మిక్కిలి. శ్రావణమాసంలో అక్కడ నిలబడి ఒక్కసారి ‘ఈరన్నా’ అని కేక వేస్తే వంద మంది తిరిగి చూస్తారని మా అవ్వ నవ్వేది. మాటకు ముందున్న వకారం పోయి వీరన్న ఈరన్న కావడం, వెంకన్న ఎంకన్న కావడం ఒకే దారిలో జరిగినవి. అది పలకడం రాక వచ్చిన తప్పు కాదు, మా మాట నడక.


గడప దాటినవాడు – కడప నుండి హైదరాబాదు

పెద్దలు చెప్పిన వ్యుత్పత్తులను నేను కాదనను. అయితే వ్యుత్పత్తి బాగున్నంత మాత్రాన పేరు బాగుంటుందని ఒప్పుకోలేను. పేరును మోయవలసినవాడు పిల్లవాడు. వాడి తరగతిలో ముప్పై మందికి వ్యాకరణం తెలియదు, మద్దివాగు తెలియదు; వాళ్లకు వినిపించేది శబ్దం మాత్రమే. అన్నగారి భార్య భయం నిరాధారమైనది కాదు.

ఇంకొక సందేహం. అర్థాన్ని గౌరవించి పాత పేర్లు నిలబెట్టాలంటే పుల్లయ్య, పెంటయ్య, పిచ్చయ్య అనే పేర్లను ఏమి చేస్తారు? వాటికీ ఏదో ఒక క్షేత్రం చూపగలరా? మా ఇంట్లోనే ఒక పుల్లమ్మ ఉండేది. ఆమె మనవరాళ్లలో ఒక్కరికి కూడా ఆ పేరు పెట్టలేదు, పెట్టమని ఆమె కూడా అడగలేదు.


పెన్న ఇసుక – ప్రొద్దుటూరు

నేను ఈ చర్చను చదివి ఊరుకుందామనుకున్నాను. కానీ పై సభ్యులు ‘మోయవలసినవాడు పిల్లవాడు’ అన్నారు కాబట్టి, మోసినదాన్ని కనుక రాస్తున్నాను. నా పేరు ఓబుళమ్మ.

పదవ తరగతి వరకు నాకు ఈ పేరుతో ఏ ఇబ్బందీ లేదు. మా తరగతిలోనే మరో ఇద్దరు ఓబుళమ్మలు ఉండడం వల్ల పెద్ద ఓబుళమ్మ, నల్ల ఓబుళమ్మ, చిన్న ఓబుళమ్మ అని పిలిచేవారు, నేను చిన్నదాన్ని. ఇంటర్మీడియట్‌కు వేరే జిల్లాలోని ఒక వసతి కళాశాలలో చేర్చారు. మొదటి రోజు హాజరు పిలిచిన అధ్యాపకుడు నా పేరు దగ్గర ఆగి, రెండోసారి చదివి, నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక అందరూ నవ్వారు. ఆ రెండేళ్లు నేను ‘ఓబీ’ అనే పేరుతో బతికాను. తరువాత ఉద్యోగంలో చేరిన చోట మొదటి రెండు అక్షరాలు మాత్రమే మెడలో వేలాడే కార్డు మీద ఉండేలా చూసుకున్నాను. రాజపత్రంలో ప్రకటన వేసి పేరు మార్చుకుందామని దరఖాస్తు కూడా తెచ్చుకున్నాను.

మార్చుకోలేదు. దానికి గొప్ప కారణమేమీ లేదు. ఆ దరఖాస్తులో పాత పేరుకు ఎదురుగా కొత్త పేరు రాయవలసిన గడి దగ్గర ఏమి రాయాలో తోచలేదు. ఆ ఆదివారం ఇంటికి వస్తే మా అవ్వ అహోబిలం మెట్ల దగ్గర నన్ను ఎత్తుకొని ఎలా మొక్కు తీర్చిందో చెబుతూ కూర్చున్నది. నేను ఆ దరఖాస్తు సంగతి ఆమెకు చెప్పనేలేదు.

అందుకని ఆ తల్లికి నేను ఇది పెట్టమని గానీ పెట్టవద్దని గానీ చెప్పను. పెడితే మాత్రం ఆ పేరు వెనుక కథను బిడ్డకు మాటలు వచ్చిన రోజు నుండే చెప్పండి. నాకు ‘అహో బలం’ అనే మాట ముప్పై ఏళ్ల వయసులో తెలిసింది. పదహారేళ్లప్పుడు తెలిసి ఉంటే ఆ తరగతిలో లేచి నిలబడి చెప్పి ఉండేదాన్ని.


పాత తెలుగు పంతులు – నంద్యాల

అమ్మా ఓబుళమ్మా, నవ్విన ఆ అధ్యాపకుడు మా వృత్తివాడైనందుకు సిగ్గుపడుతున్నాను.

హైదరాబాదు తమ్ముడు అడిగిన మూడు పేర్లకూ క్షేత్రం లేదు, నిజమే. వాటి వెనుక ఉన్నది పసిబిడ్డల మరణం. పుట్టిన బిడ్డలు వరుసగా పోతూ ఉంటే, తరువాత పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తరాకుల మీద, అంటే పుల్లాకుల మీద, ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకొనేవారు. ఆ బిడ్డ పుల్లయ్య లేదా పుల్లమ్మ. పెంటకుప్ప మీద పడుకోబెడితే పెంటయ్య, పెంటమ్మ. వేరే ఇంటివారి చేతికి ఇచ్చి దోసెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటే తవిటయ్య. ఈ పేరు మన దగ్గర కంటే ఉత్తరాంధ్రలో ఎక్కువ. పిచ్చయ్యకు పిచ్చితో సంబంధం లేదు. భిక్ష అనే మాట బిచ్చమైంది, అదే పిచ్చయ్యలో ఉన్నది. దేవుడు పెట్టిన బిచ్చం ఈ బిడ్డ అని చెప్పుకోవడం అది. మృత్యువుకు ఈ బిడ్డ ఎందుకూ పనికిరానిదని చూపించి దాచుకున్న తల్లుల తెలివి ఆ పేర్లలో ఉన్నది.

మీ పుల్లమ్మ తన పేరును మనవరాళ్లకు పెట్టమని అడగకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. ఆ పేరు ఒక భయానికి పెట్టినది. ఆ భయం తీరిన ఇంట్లో ఆ పేరు అక్కరలేదని ఆమెకే బాగా తెలుసు. మద్దిలేటి, ఓబుళమ్మ అలాంటివి కావు. అవి మొక్కు చెల్లించిన పేర్లు. రెండింటినీ ఒకే గంపలో వేయకూడదు.


గుంతకల్లు జంక్షన్ – అనంతపురం జిల్లా

మొదటి ప్రశ్నలో కుళ్లాయప్ప పేరు వచ్చింది కనుక మా జిల్లా తరఫున నేను రాయాలి.

కుళ్లాయి అంటే టోపీ. పారసీకంలోని ‘కులాహ్’ అనే మాట మనకు ఇలా వచ్చింది. ఇది నిన్న మొన్న వచ్చినది కాదు. ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు చెప్పినట్టుగా ప్రసిద్ధమైన చాటుపద్యం ‘కుళ్లాయుంచితి’ అనే మొదలవుతుంది. నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి ఉన్నాడు. మొహర్రం నాడు అక్కడ పీర్లు లేస్తాయి, అగ్నిగుండం వేస్తారు, పక్కనే ఆంజనేయుడి గుడి ఉంటుంది, వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. ఆ స్వామికి మొక్కుకొని పుట్టినవారు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ. పారసీక టోపీకి కన్నడపు అప్పను చేర్చి తెలుగు రైతు తన కొడుక్కి పెట్టుకున్న పేరు ఇది. ఇది హిందూ పేరా కాదా అని ఒక ఉత్తరాది మిత్రుడు నన్ను అడిగితే, ఆ కుళ్లాయప్ప ఇంట్లోనే తిరుపతి మొక్కు ముడుపు చూపించవలసి వచ్చింది. పెనుకొండ బాబయ్య పేరున బాబయ్యలు, దర్గాలకు మొక్కుకున్న ఇళ్లలో మస్తానయ్యలు, దస్తగిరి రెడ్లు, ఫక్కీరప్పలు సీమలో ఎక్కడైనా కనిపిస్తారు.

మా కసాపురం ఆంజనేయుడు నెట్టికంటి ఆంజనేయుడు. వ్యాసరాయలు ప్రతిష్ఠించిన స్వామిగా ప్రసిద్ధి. ఆయన పేరున నెట్టికంటయ్య, నెట్టికల్లు అనే పేర్లు గుంతకల్లు చుట్టుపక్కల తప్ప మరెక్కడా వినబడవు. రైల్లో ఎవరైనా ‘నెట్టికల్లూ’ అని పిలిస్తే ఆ మనిషి ఏ స్టేషన్‌లో దిగుతాడో నేను చెప్పగలను.

అప్ప గురించి కూడా ఒక మాట. పడమటి కర్నూలులోనూ మా జిల్లాలోనూ తిమ్మప్ప, బసప్ప, కదిరప్ప అంటారు. తూర్పుకు పోయేకొద్దీ అదే అయ్య అవుతుంది. బసప్పలోని బసవ శబ్దం సంస్కృత వృషభం నుండి ప్రాకృతంలో వసహ అయి, కన్నడలో బసవ అయి మన దగ్గరకు వచ్చింది. కదిరప్ప కదిరి నరసింహుడివాడు. ఖదిర అంటే చండ్ర చెట్టు. మీ మద్దిలేటిలో మద్ది ఉన్నట్టే మా కదిరప్పలో చండ్ర ఉన్నది. నరసింహుడు మన దగ్గర చెట్టు పేరు లేకుండా వెలసినట్టు లేదు!


సంస్కృత విద్యార్థి – రాజంపేట

ణ విషయం ముందు తేల్చుకుందాం. నక్షత్రాలు ఇరవై ఏడు, ఒక్కొక్కదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 పాదాలకు 108 అక్షరాలు. ఈ పట్టికను అవకహడ చక్రం అంటారు. హస్తకు వచ్చేవి పూ, ష, ణ, ఠ. ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ. ణకారంతో, ఙకారంతో మాట మొదలు కాదని పట్టిక చేసినవారికి తెలియక కాదు. ఇది జాతకంలో పాదాన్ని గుర్తించడానికి పనికివచ్చే అక్షరం. చాలా ఇళ్లలో నక్షత్రనామాన్ని బిడ్డ చెవిలో చెప్పి, లోకవ్యవహారానికి వేరే పేరు పెడతారు. అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరాన్ని తీసుకొని పూర్ణ అనో షణ్ముఖ అనో పెట్టే పురోహితులు కూడా ఉన్నారు. మీరు వారినే అడిగితే మంచిది.

శాస్త్రంలో పేర్లకు నియమాలు ఉన్నాయి. ఇంటి సంస్కారాలను చెప్పే పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగబిడ్డ పేరుకు రెండు గానీ నాలుగు గానీ అక్షరాలు ఉండాలి, మొదటిది నాదం ఉన్న హల్లు, అంటే గ, ద, బ లాగా గొంతు కంపించేలా పలికేది, కావాలి, మధ్యలో య ర ల వ లలో ఒకటి రావాలి, ధాతువు నుండి నేరుగా పుట్టిన కృదంతం కావాలే గానీ మరో పేరు నుండి పుట్టిన తద్ధితం కాకూడదు. ఆడబిడ్డకు బేసి అక్షరాలు, ఆకారాంతం. ఈ కొలతతో చూస్తే కృష్ణుడి పేరూ శివుడి పేరూ నిలబడవు, ఎందుకంటే క, శ రెండూ నాదం లేనివి. రాఘవుడు తద్ధితం, రఘువంశంలో పుట్టినవాడని అర్థం. మనుస్మృతి మూడవ అధ్యాయం నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు, కొండ పేరు, పక్షి పేరు ఉన్న కన్యను పెళ్లాడవద్దంటుంది. లోకం దానిని ఎంత లెక్కచేసిందో మన రోహిణులను, తులసులను, గంగలను చూస్తే తెలుస్తుంది. రామాయణం రాసిన మొల్ల పేరే ఒక మల్లె జాతి పువ్వుది.

ఇక కియాన్. ఇది సంస్కృతం కాదు, పారసీకం. కయ్ అంటే రాజు, దాని బహువచనం కయాన్. పారసీక ఇతిహాసమైన షానామాలోని ప్రాచీన రాజుల వంశానికి ఆ పేరు ఉన్నది. మంచి పేరే, పెట్టుకోవచ్చు. కుళ్లాయప్పను పారసీకం నుండి తెచ్చుకున్నవాళ్లం కియాన్‌ను కాదనడానికి మనకు నోరు లేదు. కానీ దైవానుగ్రహం అనే అర్థం మాత్రం జాబితా చేసినవారి అనుగ్రహమే. ఇలాంటివి చాలా ఉన్నాయి. రేయాంశ్ అనే పేరుకు కాంతి కిరణపు అంశ అని రాస్తారు. అందులో ‘రే’ ఇంగ్లీషు, అంశ సంస్కృతం. యశ్విన్ అనే రూపం వ్యాకరణానికి లొంగదు, యశస్వి అనాలి. విహాన్ మాత్రం నిజంగా నిఘంటువులో ఉన్న మాట, వేకువ అని అర్థం. అన్విత అంటే కూడినది, తన్వి అంటే సన్నని నడుము గలది, నిహారిక అంటే మంచు. ఋత్విక్ యజ్ఞం చేయించేవాడు. వీటిని పెట్టుకునేవారు ధైర్యంగా పెట్టుకోవచ్చు.

అన్నా, చివరగా మీకోసం ఒక చిన్న సంగతి దాచాను. తెలుగు మద్ది, తమిళ మరుదు ఒకే మూలం నుండి వచ్చిన మాటలు. ఆ చెట్టును సంస్కృతంలో ఏమంటారో తెలుసునా? అర్జునం. అర్జున శబ్దానికి తెలుపు అని అర్థం. దాని బెరడు తెల్లగా ఉంటుంది కనుకనే మనవాళ్లు తెల్లమద్ది అన్నారు, వాగుల ఒడ్డున పెరుగుతుంది కనుక ఏరుమద్ది అని కూడా అన్నారు. తిరువిడైమరుదూరులో స్వామి పేరు మధ్యార్జునుడు, ఊరి పేరులో మరుదు ఉన్నది. శ్రీశైలంలో మల్లికార్జునుడు. అంటే సంస్కృతం తెలిసినవాడు అర్జునుడన్న చోట మీ జేజినాయనను కన్నవాళ్లు మద్ది అన్నారు.


గడప దాటినవాడు – కడప నుండి హైదరాబాదు

ఈ చివరి సంగతి నాకు కొత్త. మద్దిని అర్జునంగా చూడడం బాగున్నది.

అయినా ఒక అభ్యంతరం ఉన్నది. సంస్కృతంలో అర్థం దొరికినప్పుడే మన పేరుకు విలువ వచ్చినట్టు మాట్లాడుకుంటున్నాము. వెంకటేశ్వరుడి పేరునే తీసుకోండి. ‘వేం’ అంటే పాపం, ‘కట’ అంటే కాల్చడం అని పురాణం చెబుతుంది. కానీ ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం పాయిరంలో, అంటే పీఠికలో, తమిళదేశానికి ఉత్తరపు హద్దుగా వేంగడం కనిపిస్తుంది; అది ముందు కొండ పేరు. తెలుగులోనూ వెంకమ్మ వెంగమ్మ అయింది, తరిగొండ వెంగమాంబ పేరులో ఉన్నది అదే. పేరుకు అర్థం చెప్పేవాడు ఎప్పుడూ తరువాతే వస్తాడు. మా దేవుని కడప కూడా అంతే. తిరుమలకు గడప కనుక కడప అని మేము చెప్పుకుంటాము, ఉగాది నాడు ముస్లింలు కూడా ఆ గుడికి వచ్చి బీబీ నాంచారిని పెళ్లాడిన తమ అల్లుడని మొక్కి వెళ్తారు, వాళ్లెవరూ వ్యుత్పత్తి అడగరు.


పాత తెలుగు పంతులు – నంద్యాల

తమ్ముడి అభ్యంతరం న్యాయమైనది. అయితే పేరు ఎలా అరిగిందో తెలుసుకోవడం వేరు, విలువ కట్టడం వేరు. దీనికి మీ జిల్లా సాక్ష్యమే ఇస్తాను. తిమ్మయ్య, తిమ్మప్ప అంటే చాలామందికి కోతి గుర్తుకు వస్తుంది, కోతిని తిమ్మడు అనే వాడుక ఉన్నది కనుక. కానీ తాళ్లపాక అన్నమాచార్యుల భార్య, సుభద్రాకల్యాణం రాసిన తిమ్మక్క అసలు పేరు తిరుమలమ్మ. ఒకే మనిషికి రెండు పేర్లూ ఉండడం కంటే రుజువు ఏమి కావాలి? తిరుమల అరిగి తిమ్మ అయింది. కన్నడిగులు వేంకటేశ్వరుణ్ణి తిమ్మప్ప అని పిలిచేది కూడా అందుకే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడిన ప్రతిసారీ నాకు అక్కడ తిరుమల వినిపిస్తుంది. ఇది తెలిసినందువల్ల తిమ్మమ్మ విలువ పెరగలేదు, నవ్వే మనిషి నోరు మాత్రం మూతపడుతుంది.

ఓబులేసు, శ్రీనివాసులు, ఆంజనేయులు, రాములు అనే పేర్లలో చివరి ‘లు’ గురించి పిల్లలు అడుగుతూ ఉంటారు. ఓబులేసులో అది లేదు, ఈశ అరిగి ఏసు అయింది. మిగిలినవాటిలో ఉన్నది గౌరవ బహువచనం. బిడ్డకు దేవుడి పేరు పెట్టి, ఆ పేరును ఏకవచనంలో పిలవడానికి మనసొప్పక చేర్చినది అది. తిట్టేటప్పుడు కూడా ‘ఒరేయ్ ఆంజనేయులూ’ అనే తిడతారు.


హంద్రీ గట్టు – కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. మొన్న తొట్టెలలో వేశాము. జరిగినది చెబుతాను.

ఈ చర్చంతా నా భార్యకు చదివి వినిపించాను. ఓబుళమ్మ గారు రాసినది రెండుసార్లు చదివించుకున్నది. కియాన్ పారసీకమని తెలిసి ఆమె ఏమీ నొచ్చుకోలేదు గానీ, అర్థం తప్పు చెప్పినవారి మీద కోపం తెచ్చుకున్నది. మద్ది అంటే అర్జునమని విన్న తరువాత కాసేపు ఊరుకొని, ‘అయితే రెండూ పెడదాం’ అన్నది. మా నాయనకు అర్జునుడి సంగతి చెప్పాను. ఆయన దానిని పెద్దగా పట్టించుకోలేదు; ముందు మద్దిలేటి వస్తుందా వెనుక వస్తుందా అని ఒక్కటే అడిగాడు. ముందే వస్తుందని చెప్పాము.

పురోహితుడు చెవిలో పూర్ణ అని చెప్పాడు. అందులో ణ కూడా ఉన్నది చూడండి అని తానే సంతోషించాడు. బియ్యంలో మద్దిలేటి అర్జున్ అని రాశాము. మా అవ్వ అప్పుడే మద్దయ్యా అని పిలవడం మొదలు పెట్టింది. నా భార్య అర్జున్ అంటుంది. వాడు రెండింటికీ పలకడు, నిద్రపోతాడు.

ఒక్క చిక్కు మిగిలింది. జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించడానికి వెళ్తే, అక్కడి ఉద్యోగి మద్దులేటి అని ఎక్కించాడు. తెలుగులో రెండూ ఒప్పే అని పంతులు గారు ముందే చెప్పారు కానీ, ఇంగ్లీషు అక్షరాల్లో మా జేజినాయన భూమి పత్రాలలో ఉన్న దానికీ దీనికీ తేడా వస్తున్నది. ఇప్పుడు మార్చుకోవచ్చునా?


పాత తెలుగు పంతులు – నంద్యాల

మార్చుకోవచ్చు. జనన మరణాల నమోదు చట్టం 1969 లోని 15వ సెక్షన్ పొరపాటున పడిన వివరాలను సరిదిద్దడానికి రిజిస్ట్రారుకు అధికారం ఇస్తుంది. మీరు ఏడాది లోపే పేరు చేర్పించారు కనుక పేరు చేర్చినందుకు ఆలస్య రుసుము కూడా ఉండదు. దరఖాస్తుతో పాటు మీ జేజినాయన భూమి పత్రం నకలు ఒకటి జత చేయండి, ఇంగ్లీషు అక్షరాలను దానిలో ఉన్నట్టే ఒక్కొక్కటిగా విడివిడిగా రాసివ్వండి. ఆధార్ తీసుకునేది ఆ పత్రం చేతికి వచ్చిన తరువాతే పెట్టుకోండి, లేకపోతే రెండు చోట్లా తిరగవలసి వస్తుంది.